స్పీకరుకు పెట్టె ఎందుకు?

రేడియోలు బాగుచేసే దుకాణంలో బల్ల మీద విప్పి పెట్టిన స్పీకరు పాడుతుంటే ఎప్పుడైనా విన్నారా? మాటలు స్పష్టంగానే ఉంటాయి. వేణువు, గాయకురాలి గొంతు కూడా ఫరవాలేదు. కాని మృదంగం ఎడమవైపు నుంచి రావలసిన గంభీరమైన మోత ఎటో పోతుంది. డోలు దెబ్బ అట్టపెట్టెను వేలితో తట్టినట్టు వినిపిస్తుంది. అదే స్పీకరును, అయస్కాంతం లోపలికి ఉండేలా, ఒక ఖాళీ మట్టికుండ మూతిలో కూర్చోబెట్టండి. పోయిన మోత తిరిగి వస్తుంది! టేపురికార్డర్లు ఇంటింటికీ వచ్చిన రోజుల్లో మన ఊళ్ళలో చాలామంది ఈ పని చేశారు. మరి కుండ ఏం చేసినట్టు? అది స్పీకరుకు ఒక్క వాటు శక్తిని కూడా అదనంగా ఇవ్వలేదు కదా!

స్పీకరు నిర్మాణం మీకు కొత్త కాదు. అయస్కాంతం మధ్య సన్నని సందులో ఒక తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు శంకువు ఉంటాయి. చుట్టలో ప్రవహించే విద్యుత్తు దిశ మారినప్పుడల్లా శంకువు ముందుకూ వెనక్కూ కదులుతుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు 1925లో ఇటువంటి స్పీకరును వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. ఇప్పటి స్పీకర్లలో ఎక్కువ భాగం ఆ సూత్రం మీదే పనిచేస్తున్నాయి.

ఇక్కడొక చిక్కు ఉంది. శంకువు ముందుకు కదిలినప్పుడు దాని ముందున్న గాలి నొక్కుకుంటుంది. సరిగ్గా అదే క్షణంలో వెనకనున్న గాలి పలచబడుతుంది. అంటే స్పీకరు ముందు నుంచి ఒక ధ్వని, వెనక నుంచి దానికి పూర్తిగా వ్యతిరేకమైన ధ్వని బయలుదేరతాయి. ముందు నొక్కుకున్న గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కు జారిపోతే రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. మన చెవికి చేరేది అంతంతమాత్రం.

అలాగైతే వేణువు ఎలా వినిపించింది? లెక్క వేద్దాం. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. పౌనఃపున్యం 5,000 హెర్ట్జ్‌లు అయితే తరంగదైర్ఘ్యం 6.8 సెంటీమీటర్లు. నాలుగు అంగుళాల స్పీకరు వెడల్పు దాదాపు 10 సెంటీమీటర్లు. తరంగం స్పీకరు కంటే చిన్నది కనుక చాలావరకు ముందుకే సాగిపోతుంది. 100 హెర్ట్జ్‌ల మోతకు మాత్రం తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు! అంత పొడవైన తరంగానికి 10 సెంటీమీటర్ల స్పీకరు అడ్డే కాదు. ఇట్టే చుట్టుకుపోతుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక మధ్యలో స్పీకరు పట్టేంత రంధ్రం కోయించి, అందులో స్పీకరును బిగించండి. పలక లేకుండా ఒకసారి, పలకతో ఒకసారి ఒకే పాట వినండి. తేడా చెప్పడానికి సంగీతజ్ఞానం అక్కరలేదు.

అయితే ఇంట్లో అంత పలక ఎక్కడ పెడతాం? అందుకే పెట్టె. వెనకనుంచి వచ్చే ధ్వనిని పెట్టెలో బంధించేస్తే ఇక రద్దు చేసేది లేదు. కాని బంధించిన గాలి ఊరుకోదు, స్ప్రింగులాగా శంకువును వెనక్కు నెడుతుంది. చాలామంది దీన్ని లోపంగా చూశారు. అమెరికాలో ఎడ్గార్ విల్చర్ 1954లో దాన్నే పనికి పెట్టాడు. శంకువు అంచును బాగా వదులుగా ఉంచి, దాన్ని తిరిగి స్థానానికి తెచ్చే పని పెట్టెలోని గాలికి అప్పగించాడు. అంతవరకు గంభీరమైన మోతకు బీరువా అంత పెట్టె కావాలనుకునేవారు. ఆయన పెట్టె పుస్తకాల అలమరలో పట్టింది.

మట్టికుండ కూడా ఒక విధంగా మూసిన పెట్టే. దాని గోడ గట్టిది, గుండ్రనిది కనుక తేలిగ్గా అదరదు. కాని కుండ మరీ చిన్నదైతే లోపలి గాలి గట్టి స్ప్రింగవుతుంది, ఏదో ఒక్క స్వరం దగ్గర మాత్రం అనునాదం వచ్చి 'గుం' అంటుంది. ప్రతి పాటలోనూ అదే 'గుం'. కొందరికి అది ఎంతో ఇష్టం. నా దృష్టిలో అది హై ఫై కాదు. ఆ మాటకు అర్థమే అసలు ధ్వనికి విశ్వాసంగా ఉండటం. కుండలో కొద్దిగా దూది వదులుగా నింపి చూడండి, ఆ రొద తగ్గుతుంది.

చెక్కపెట్టె చేయాలనుకుంటే నాలుగు అంగుళాల స్పీకరుకు లోపలి కొలతలు 15, 18, 22 సెంటీమీటర్లతో మొదలుపెట్టవచ్చు. దాదాపు 6 లీటర్లు. కచ్చితంగా ఎంత కావాలన్నది స్పీకరును బట్టి ఉంటుంది. మంచి తయారీదారులు థీల్, స్మాల్ అనే ఇద్దరు ఇంజనీర్ల పేరుతో ఉన్న అంకెలు ఇస్తారు, వాటితో లెక్క కట్టవచ్చు. చెక్క మందం 18 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. పలుచని చెక్క తానే పాడటం మొదలుపెడుతుంది. అతుకులన్నిటికీ లోపలినుంచి జిగురు పట్టించండి. గాలి కారుతున్నదేమో తెలుసుకోవడానికి మోత ఎక్కువున్న పాట పెట్టి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నెమ్మదిగా నడపండి. పొగ ఎక్కడ వణికితే అక్కడ సందు ఉన్నట్టే.

ఆంప్లిఫయరు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎల్.ఎం.386 అనే ఎనిమిది కాళ్ళ చిప్పు, నాలుగైదు కెపాసిటర్లు, ఒక వాల్యూం కంట్రోలు, 6 వోల్టుల బ్యాటరీ చాలు. దాని శక్తి ఒక వాటు కూడా ఉండదు. నవ్వకండి! చెవికి ధ్వని రెట్టింపు అనిపించాలంటే శక్తి సుమారు పదిరెట్లు కావాలి. అంటే 100 వాట్ల యంత్రం 10 వాట్ల దానికంటే రెండింతలు మాత్రమే గట్టిగా వినిపిస్తుంది. పెట్టె మీద వేలకొద్దీ వాట్లు అచ్చు వేసేవారిని ఇకమీదట నమ్మకండి. ఇంటి కరెంటుతో నడిచే ఆంప్లిఫయర్ల మూత మాత్రం మీరు తెరవవద్దు. పాత వాల్వు సెట్లలో 300 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లు ఆ విద్యుత్తును కొంతసేపు దాచి ఉంచుతాయి. అది ప్రాణం తీయగలదు.

రెండు స్పీకర్లు పెట్టుకుంటే ఇంకొక జాగ్రత్త. ఒకదాని తీగలు తారుమారైతే ఒక శంకువు ముందుకు వచ్చేటప్పుడు రెండోది వెనక్కు పోతుంది. మొదట చెప్పిన రద్దు మళ్ళీ జరిగి మోత మాయమవుతుంది. ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లును స్పీకరు కొసలకు క్షణం తాకించండి. శంకువు ముందుకు ఎగిరినప్పుడు సెల్లు ధనధ్రువం తాకిన కొసకు ఎర్రరంగు గుర్తు పెట్టండి. రెండింటికీ ఇలాగే చేసి, ఎర్ర కొసలకు ఒకేరకంగా కలపండి.

విప్పిన స్పీకరును ఇనుపరజను ఉన్న బల్లమీద పెట్టకూడదు. అయస్కాంతం రజనును సందులోకి లాక్కుంటే శంకువు బరబరమంటుంది, తీయడం చాలా కష్టం. కాగితం చిన్నగా చిరిగితే పలుచని కాగితం ముక్కను నీళ్ళు కలిపిన జిగురుతో అంటించండి. స్పాంజి అంచు ఏళ్ళు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. దాన్ని మార్చవచ్చు, మొత్తం స్పీకరును పారేయనక్కరలేదు. వాల్యూం తిప్పినప్పుడు గరగరమంటే లోపలి కార్బను పట్టీ మీద దుమ్ము చేరిందన్నమాట. స్విచ్చి ఆపి, ఆ కాడను ఈ చివరినుంచి ఆ చివరికి ఇరవైసార్లు తిప్పండి. చాలాసార్లు దానితోనే సర్దుకుంటుంది.