తెల్లసొన తెలిపిన నాడీకణము

మెదడునుండి పలుచని ముక్క నొకదానిని కోసి సూక్ష్మదర్శిని క్రింద ఉంచినచో మనకు కనిపించునది చాల స్వల్పము. నాడీకణములు దాదాపు రంగులేనివి; పైగా ఒకదాని కొమ్మలు వేరొకదాని కొమ్మలతో పెనవేసుకొని యుండును. అన్నిటికిని రంగు పట్టించినచో చిక్కు మరింత పెరుగును. దట్టమైన సర్కారు తుమ్మ పొదలో ఒక్క మొక్క కొమ్మలను మాత్రమే చివరి ముల్లు వరకు గుర్తింపవలెనన్నచో ఎంత కష్టమో ఇదియు అంతే.

1873లో ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్జీ ఒక ఉపాయము కనుగొనెను. ఆయన వెండి లవణములతో చేసిన రంజనములో ఏవో కొద్ది కణములు మాత్రమే మొదలంట నల్లబడును. ఆ పద్ధతినే చేపట్టి స్పెయిన్ దేశపు కహాల్ మెదడు నిర్మాణమును వివరించెను. 1906లో ఇరువురికిని కలిపి నోబెల్ బహుమానము లభించినది. కాని ఈ పద్ధతిలో ఏ కణము నల్లబడునో ముందుగా ఎవ్వరును చెప్పలేరు. పరిశోధకునికి కావలసినది ఏదో ఒక కణము కాదు, “ఈ” కణము.

ఏలనగా, సన్నని గాజు గొట్టపు మొనను కణమునకు తాకించి దాని విద్యుత్ స్పందనలను నమోదు చేయుట నేడు సాధారణమైన పని. ఒక కణము గబగబ స్పందించును, వేరొకటి నెమ్మదిగా స్పందించును. అట్లు స్పందించిన కణము ఆకారమేమి? దాని ఆక్సాన్, అనగా వార్తను మోసికొనిపోవు పొడవైన తంతువు, ఎచ్చటికి పోవుచున్నది? ఇవి తెలియనిచో గొంతు విని మొగము చూడని మనిషితో పరిచయము వంటిదే. అందుచేత ఆ గొట్టములోనే ఒక గుర్తుపదార్థమును నింపి కణములోనికి పంపుదురు. 1978లో వెలువడిన లూసిఫర్ ఎల్లో అను మెరయు రంగు ఇందుకు బాగుగా ఉపకరించెను గాని, వెలుతురు తగిలిన కొలది అది వెలిసిపోవును. వెలిసిపోని గుర్తు కావలసివచ్చినది. అది కోడిగ్రుడ్డు కథనుండి లభించినది.

పచ్చి తెల్లసొనను విస్తారముగ తినిపించిన ఎలుకలకు చర్మము చెడి వెంట్రుకలు రాలుటను 1927లో మార్గరెట్ బోయాస్ అను పరిశోధకురాలు వర్ణించెను. ఉడికించిన తెల్లసొనతో ఈ బాధ లేదు. ఈ జబ్బును మాన్పు బయోటిన్ అను విటమినును 1936లో పచ్చసొననుండియే వేరుచేసిరి. తెల్లసొనలోని అవిడిన్ అను మాంసకృత్తు బయోటినును గట్టిగా పట్టుకొని, ప్రేగులకు అందనీయదని తరువాత తేలినది. వేడి తగిలినచో అవిడిన్ చెడును. (అప్పుడప్పుడు ఒక పచ్చిగ్రుడ్డు త్రాగు వస్తాదులు భయపడనక్కరలేదు, దినదినము పెక్కు గ్రుడ్లు త్రాగువారికే ఈ ముప్పు.)

ప్రకృతిలో రసాయనిక బంధము కాకుండ రెండు అణువులు కలిసియుండు పట్టులలో ఇంతటి బిగువైనది అరుదు. ఒక్కొక్క అవిడిన్ అణువు నాలుగు బయోటిన్ అణువులను పట్టగలదు. కణములో బయోటిన్ సంబంధమైన పదార్థమును నింపి, పిమ్మట రంగు నిచ్చు అవిడిన్‌తో దానిని వెదకినచో సరిపోవును గదా!

1988లో హోరికావా, ఆర్మ్‌స్ట్రాంగ్ అనువారు ఇట్లే చేసిరి. వారు వాడినది బయోసైటిన్. బయోటిన్‌కు లైసిన్ అను అమైనో ఆమ్లము చేరిన పదార్థము. దీని అణుభారము 372 మాత్రమే అగుటచే సన్నని కొమ్మలలోనికి సులువుగ వ్యాపించును. సుమారు 0.3 మిల్లీమీటరు మందముగల మెదడు ముక్కను ఆక్సిజన్ కలిపిన ఉప్పునీటిలో బ్రతికించి ఉంచి, అరగంట సేపు కణమునకు గొట్టమును అంటించి యుంచినచో చాలును. గొట్టమును మెల్లగా తీయవలెను. తొందరపడినచో కణకాయము చినుగును. తరువాత ఫార్మాల్డిహైడ్‌తో ముక్కను స్థిరపరచి, కణపు పొరకు రంధ్రములు చేసి, పెరాక్సిడేజ్ అను ఎంజైము తగిలించిన అవిడిన్‌ను లోనికి పంపుదురు. డయామినోబెంజిడీన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ చేర్చగనే ఎంజైము ఉన్నచోటనెల్ల గోధుమరంగు మడ్డి ఏర్పడును. నికెల్ లవణము కలిపినచో నల్లనగును. ఒక్క ఎంజైము అణువు పెక్కు రంగు అణువులను పుట్టించుటచే కొద్దిపాటి బయోసైటిన్ అయినను స్పష్టముగ కనిపించును.

ఇచ్చట ఒక మోసము కలదు. మన దేహకణములలో సహజముగనే బయోటిన్ ఉన్నది. ఎఱ్ఱ రక్తకణములకు పెరాక్సిడేజ్ వంటి శక్తి గలదు. ఇవియు రంగు తెచ్చును. కావున బయోసైటిన్ ఇయ్యని ముక్కను పక్కన ఉంచి అదే పని చేసి చూడవలెను. ఈ సరిపోలిక లేని చిత్రము ఎంత అందముగా ఉన్నను నమ్మరాదని నా అభిప్రాయము.

న్యూరోబయోటిన్ అను తమ్ముడు మరొక వింత చూపెను. 1991లో కంటి రెటీనాలో ఒక్క కణమునకు దీనిని ఎక్కించగా పొరుగు కణములును రంగు తేలినవి. కణములమధ్య నేరుగా ఉన్న సూక్ష్మమైన దారులగుండ అది దాటినది. ఒకే కణమును చూడదలచిన వానికి ఇది చికాకు. ఏ కణములు కలిసి పనిచేయునో తెలియగోరువానికి వరము.

దూరపు దారులకు బయోటిన్ తగిలించిన డెక్స్‌ట్రాన్ అను చక్కెర గొలుసును వాడుదురు. సుమారు 10,000 అణుభారము గలది ముఖ్యముగా కణకాయమునుండి ఆక్సాన్ చివరకు సాగును. 3,000 గలది చివరనుండి కణమువైపునకును బాగుగా తిరిగి వచ్చును. బ్రతికియున్న జంతువు మెదడులో దీనిని ఉంచి, దూరమునుబట్టి కొన్ని దినములో వారములో ఆగవలెను. ఆ ఫలితము ఒక ప్రాణి వెలతో వచ్చునది గనుక, ఎంచిన చోటు తప్పినచో ఆ ప్రాణి వృథాయే.

మానవుని మెదడుకును ఈ పద్ధతి ఉపకరించినది. శస్త్రచికిత్సలో తీసివేయక తప్పని భాగములను రోగుల అనుమతితో పరిశోధనకు గ్రహింతురు. 2018లో హంగేరీ, అమెరికా పరిశోధకులు మస్తిష్క వల్కలపు మొదటి పొరలో బయోసైటిన్ నింపిన కణములలో ఒక క్రొత్త రకమును వర్ణించిరి. రేకులు రాలిన గులాబీ కాయను పోలుటచే దానికి ఆ పేరే పెట్టిరి. నాటి పరిశీలనలో ఎలుక మెదడున దీనికి సాటి కనబడలేదు. ఇప్పుడు విద్యుత్ స్పందన నమోదు ముగిసిన పిమ్మట అదే గొట్టముతో కణపు లోపలి ద్రవమును పీల్చి, ఏ జన్యువులు పనిచేయుచున్నవో కూడ చదువుచున్నారు. లోపలి ద్రవము పోయినను, కొమ్మలలో ముందే నిండిన బయోసైటిన్ తరచుగా నిలిచియుండి ఆ కణము రూపమును చూపును.