కలివికోడి వెనుక నున్న వైద్యుడు

కమలాపురము చెంత పాపఘ్నిని కలుపుకొని పెన్న తూర్పునకు సాగి, సిద్ధవటము కడ లంకమల కొండల నొరసికొని పోవును. ఆ కొండల పాదమున తుమ్మ, రేగు, కలివి పొదల నడుమ తిరుగు నొక పిట్ట కలదు. పగలు అది దాగియుండును. రాత్రియే దానికి సంచారము. మనవారు దానిని కలివికోడి యందురు. లోకమంతయు జెర్డాన్ పేరుతో పిలుచును. ఈ జెర్డాన్ ఎవరని యడిగినచో చెప్పగలవారు మాత్రము అరుదు.

థామస్ కావెర్‌హిల్ జెర్డాన్ 1811లో ఇంగ్లండున జన్మించెను. ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యుడుగా చేరి 1836లో మద్రాసు వచ్చెను. గంజాము, జాల్నా, నెల్లూరు, తెల్లిచ్చేరి: కొలువు త్రిప్పిన చోటికెల్ల తిరిగెను. కొలువు చిట్టాలవలన తెలియున దింతే. మనిషిని చూడవలెనన్న ఆయన వ్రాతలు తిరుగవేయవలెను. రోగులను చూచుకొనుచునే పిట్టలను, పాములను పరిశీలించెను, చీమలనుగూడ విడిచిపెట్టలేదు. దక్షిణదేశపు చీమల పట్టిక నొకదానిని 1851లో ప్రకటించెను. నెల్లూరులో నున్నప్పుడు యానాదులవలన అడవి సంగతులు గ్రహించెను.

1862-64 నడుమ వెలువడిన భారతదేశపు పక్షుల గ్రంథములో పిట్టల దేశభాషానామములనుగూడ ఆయన పొందుపరచెను. కలివికోడికి ఆయన విని వ్రాసికొన్న తెలుగు పేరు 'అడవి ఉత్తతిత్తి'. తిత్తి యనగా డబ్బుసంచి. ఉత్తతిత్తి యనగా వట్టిసంచి! ఈ చమత్కారము పరదేశి కల్పించినది కాజాలదు. ఏ తెలుగు వేటగాడో చెప్పియుండవలెనని మాకు తోచుచున్నది. చెప్పినవాని పేరు గ్రంథమున కెక్కలేదు. విన్నవాని పేరు పిట్టకే నిలిచినది.

జెర్డాన్ కడప, నెల్లూరు సీమల కొండలలో కనుగొన్న యీ పిట్టను కలకత్తాలోని బ్లైత్ పండితుడు 1848లో శాస్త్రలోకమునకు తెలిపెను. జెర్డాన్ 1872లో మరణించెను. 1900లో అనంతపురము దాపున కనబడిన పిమ్మట పిట్ట జాడ తెలియరాలేదు. అంతరించినదనియే పలువురు తలచిరి. 1986లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వెదకుచుండగా, రెడ్డిపల్లె చెంత దానిని రాత్రివేళ దీపపు వెలుతురున పట్టి చూపినవాడు మరల ఒక స్థానికుడే. పిదప లంకమల అభయారణ్యమైనది. తెలుగుగంగ కాలువ త్రవ్వకమున పొదలు కొన్ని పోయినను, కాలువ దారిని మార్చిరి.

'ఉత్తతిత్తి' యను మాట పెన్న యొడ్డు పల్లెలలో ఎవరి నోటనైన నింకను కలదేమో, మన పెద్దల నడిగి చూడదగును.