ఎనిమిదో వంతు తొమ్మిదో వంతైనప్పుడు...

వారసత్వపు నిర్ణీత భాగాలను దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరాలోని 11, 12, 176 ఆయతులలో తెలియజేసింది. ఆ భాగాలన్నీ కలిపి ఆరు భిన్నాలే. సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు ఒక వరుస. మూడింట రెండు వంతులు, మూడో వంతు, ఆరో వంతు మరొక వరుస. ఏ వరుసలో చూసినా ముందున్న దానిలో సగమే తరువాతది. మదరసాలలో ఫరాయిజ్ శాస్త్రం, అనగా వారసత్వ భాగాల విద్య, ఈ ఆరింటితోనే ప్రారంభమవుతుంది.

అయితే భాగాల పేర్లు కంఠస్థం చేసిన విద్యార్థి సైతం ఒక చిన్న ప్రశ్న వద్ద తడబడతాడు. తల్లికి వచ్చే ఆరో వంతు ఎక్కువా, భార్యకు వచ్చే ఎనిమిదో వంతు ఎక్కువా? ఆరు కంటే ఎనిమిది పెద్దది గనుక ఎనిమిదో వంతే ఎక్కువని నోరు జారుతుంది. భిన్నంలో పైనున్న సంఖ్యను లవమనీ, క్రిందనున్న సంఖ్యను హారమనీ అంటాము. ఆస్తిని ఎన్ని ముక్కలు చేశామో హారం చెబుతుంది. వాటిలో ఎన్ని తీసుకున్నామో లవం చెబుతుంది. తీసుకునే ముక్కల సంఖ్య సమానమైనప్పుడు, ఎక్కువ ముక్కలు చేసిన చోట ఒక్కొక్క ముక్క చిన్నదవుతుంది. కనుక లవాలు సమానమైతే హారం పెద్దదైన భిన్నమే చిన్నది. మన పెద్దలకు ఈ సంగతి బడికి వెళ్ళకుండానే తెలుసు. రూపాయిలో నాలుగో వంతు పావలా, ఎనిమిదో వంతు బేడ, పదహారో వంతు అణా. పదహారు పెద్ద సంఖ్య అని పావలా ఇచ్చి అణా పుచ్చుకున్న వారెవ్వరూ లేరు!

ఖుర్ఆన్‌లోని ఆరు భాగాలను క్రమంలో పెట్టడానికీ ఈ సూత్రం ఒక్కటే చాలు. వాటిలో మూడింట రెండు వంతులకు మాత్రమే లవం రెండు. మిగిలిన వాటన్నింటికీ ఒకటి. కనుక అన్నింటి లవాన్నీ రెండుగా మార్చుదాము. సగమంటే నాలుగింట రెండు. మూడో వంతంటే ఆరింట రెండు. నాలుగో వంతంటే ఎనిమిదింట రెండు. ఆరో వంతంటే పన్నెండింట రెండు. ఎనిమిదో వంతంటే పదహారింట రెండు. ఇప్పుడు హారాలను మాత్రమే చూడండి: 3, 4, 6, 8, 12, 16. పెద్ద భాగం నుండి చిన్న భాగం వరకు ఇదే క్రమం. రెండు వరుసలూ ఒకదానిలో ఒకటి జడ అల్లినట్లు ఇమిడిపోయాయి.

ఇదంతా పిల్లల లెక్క కదా అనిపించవచ్చు. కానీ ఔల్ అనే సమస్యలో ఒక వితంతువు జీవనాధారం ఈ లెక్క మీదనే నిలుస్తుంది.

నిర్ణీత భాగాలన్నీ కూడితే కొన్ని సందర్భాలలో మొత్తం ఆస్తిని మించిపోతాయి. ప్రసిద్ధ ఉల్లేఖనం ప్రకారం ఈ సమస్య మొదట హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో తలెత్తింది. మరణించిన స్త్రీకి భర్త, ఇద్దరు సోదరీమణులు ఉన్నారు. భర్తకు సగం, అంటే ఆరింట మూడు. సోదరీమణులకు మూడింట రెండు వంతులు, అంటే ఆరింట నాలుగు. ఉన్నవి ఆరు భాగాలు, కావలసినవి ఏడు. ఆయన సహాబాలను సంప్రదించి, ఆస్తిని ఏడు భాగాలు చేసి మూడూ నాలుగూ ఇప్పించారు. లవాలు మారలేదు, హారం ఒక్కటే ఆరు నుండి ఏడుకు పెరిగింది. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె అబ్బాస్ (రజి) దీనితో విభేదించారు. భర్త, భార్య, తల్లి వంటి వారి భాగాలను ముట్టుకోరాదనీ, లోటును కుమార్తెలు, సోదరీమణుల భాగం నుండే సర్దాలనీ ఆయన అభిప్రాయం. నలుగురు ఇమాములు మాత్రం ఔల్‌నే స్వీకరించారు.

హజ్రత్ అలీ (రజి) మింబర్ మీద ఉండగా అడిగిన ప్రశ్న ఇంకా ప్రసిద్ధమైనది. ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కుమార్తెలను, తల్లిని, తండ్రిని విడిచి మరణించాడు. ఇరవై నాలుగు భాగాలలో భార్యకు 3, కుమార్తెలకు 16, తల్లికి 4, తండ్రికి 4. మొత్తం 27. ఆయన ప్రసంగం ఆపకుండానే ఆమె ఎనిమిదో వంతు తొమ్మిదో వంతైందని జవాబిచ్చారట. అందుకే దీనికి మింబరియ్యా అని పేరు. ఇరవై నాలుగింట మూడు ఇరవై ఏడింట మూడైంది, అంతే.

మన నేల కొలతలో చూద్దాము. దఫన్ ఖర్చులు, అప్పులు, వసియ్యత్ పోగా రెండెకరాల పదహారు సెంట్లు, అంటే 216 సెంట్లు మిగిలిందనుకోండి. ఔల్ లేకుండా లెక్కిస్తే భార్యకు 27 సెంట్లు, కుమార్తెలకు 144, తల్లిదండ్రులకు చెరి 36 కావాలి. మొత్తం 243, అంటే 27 సెంట్ల లోటు. ఔల్ ప్రకారం భార్యకు 24, కుమార్తెలకు 128, తల్లికి 32, తండ్రికి 32. ప్రతి ఒక్కరి భాగంలోనూ తొమ్మిదో వంతే తగ్గింది. లోటంతా వితంతువు నెత్తిన రుద్దితే ఆమెకు మిగిలేది సున్నా.

ఒక పంపకంలో ఒక పెద్దమనిషి వితంతువును ఓదారుస్తూ, "అమ్మా, నీ వంతు ఎనిమిది నుంచి తొమ్మిదికి పెరిగింది" అనడం నేను విన్నాను. ఆయన మనసులో మోసం లేకపోవచ్చు. ఆమె మూడు సెంట్లు కోల్పోతూ అల్‌హందులిల్లాహ్ అన్నది! తగ్గిందని, ఎందుకు తగ్గిందో, అందరికీ ఎలా తగ్గిందో ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం పంచేవారి బాధ్యత.

దీనికి తలక్రిందులుగా ఉండేది రద్ద్. తల్లి, ఒకే కుమార్తె తప్ప వారసులెవ్వరూ లేరనుకోండి. ఆరింటిలో తల్లికి ఒకటి, కుమార్తెకు మూడు, రెండు మిగిలాయి. ఇక్కడ హారాన్ని ఆరు నుండి నాలుగుకు తగ్గిస్తారు. లవాలు ఒకటీ మూడుగానే ఉన్నా తల్లి ఆరో వంతు నాలుగో వంతైంది, అంటే పెరిగింది.

హారం పెరగడానికి ఔల్ ఒక్కటే కారణం కాదు. భార్యలు ఇద్దరుంటే ఆ ఒక్క ఎనిమిదో వంతునే పంచుకోవాలి గనుక ఒక్కొక్కరికి పదహారో వంతు. నలుగురుంటే ముప్పై రెండో వంతు.

మరొక మాట తెలిసి ఉండాలి. మరణించిన వ్యక్తికి కుమారుడు ఉంటే ఔల్ అసలు తలెత్తదు. కుమారునికి నిర్ణీత భాగం లేదు. ఇతరుల భాగాలు ఇచ్చాక మిగిలినది అతనిది. కుమార్తెలు కూడా అప్పుడు అతనితో కలిసి ఆ మిగులునే పంచుకుంటారు. కనుక కొడుకులున్న ఇంట్లో తల్లితో "ఔల్ వచ్చింది, నీకు తొమ్మిదో వంతే" అని ఎవరైనా అంటే ఆ లెక్క తప్పు. అదే 216 సెంట్ల నేలకు భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె మాత్రమే వారసులైతే, ముందుగా భార్యకు పూర్తి 27 సెంట్లు కొలవాలి. మిగిలిన 189లో కుమారునికి 126, కుమార్తెకు 63.