బిందె లోపలి జిగట

గోదావరి వరద తీసినపిమ్మట భద్రాచలము, బూర్గంపహాడు, దుమ్ముగూడెము, చర్ల మండలముల ఒడ్డుపల్లెలలో మొట్టమొదట కొఱవడునది మంచినీరే. భద్రాచలమువద్ద నదీమట్టము 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును ఎక్కినది. మూడవ ప్రమాద హెచ్చరిక జారీచేయు మట్టము 53 అడుగులే యని తలచినచో ఆ ముంపు ఎంతటిదో ఊహింపవచ్చును. అట్టి దినములలో చేతిపంపులును బావులును బురదనీటి పాలగును. నీరు తీయగానే బావులలో బ్లీచింగు పౌడరు కలుపుదురు, ఇంటింట క్లోరిను బిళ్లలు పంచుదురు. అది మిక్కిలి అవసరమైన పని. కాని శుద్ధిచేసిన ఆ నీటిని తెచ్చి పోసికొను బిందెనుగూర్చి విచారించువారు తక్కువ. కొన్నినాళ్లు తోమక వాడిన ప్లాస్టిక్ బిందె లోపలిగోడను వ్రేలితో రాచి చూడుడు: కంటికేమియు కానరాదు గాని, వ్రేలు జారును, తీసి చూచినచో వ్రేలికొనకు సన్నని జిగట అంటియుండును.

ఆ జిగట మురికి కాదు. అది లక్షలాది బాక్టీరియములు తమకొఱకు తామే కట్టుకొన్న నివాసము. శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అని పిలుచునది ఇదియే, మనవారు పాచి యనునది పెక్కుచోట్ల ఇదియే. డచ్చి దేశస్థుడగు లీవెన్‌హాక్ 1683లో తన పండ్లసందుల పాచిని గీకి, తాను నూఱిన కటకములక్రింద పెట్టి, అందు కదలాడు జీవులను చూచెను. అంతతో ఊరకుండక, పులిసిన ద్రాక్షసారపు వినిగరుతో నోరు పుక్కిలించి మరల పరీక్షించి, వినిగరు పాచి పైభాగమందలి జీవులను మాత్రమే చంపినదనియు, లోపలివానిని చేరలేదనియు వ్రాసెను. మూడు శతాబ్దములు గడచినను, మన బిందెకును నీళ్లట్యాంకుకును ఇంతకంటె అక్కఱకు వచ్చు పరిశీలన మఱొకటి లేదని నా నమ్మకము. అయినను వైద్యశాస్త్రము చిరకాలము నీటిలో విడివిడిగా ఈదు బాక్టీరియమునే పరీక్షించుచు వచ్చినది; గుంపుగా అంటుకొని జీవించుటయే వాని సహజ ధర్మమని కెనడాలో కాస్టర్‌టన్ అను శాస్త్రజ్ఞుడు 1978లో ఎలుగెత్తి చెప్పువఱకును ఈ విషయము పండితుల దృష్టి కంతగా ఆనలేదు.

ఇక ఈ నివాసమెట్లు వెలయును? నీటిలో తోక త్రిప్పుచు ఈదు బాక్టీరియము గోడను తాకినంతమాత్రమున అచట స్థిరపడదు. తాకును, విడిచిపోవును, మరల తాకును. తోక తిరుగుట కడ్డము తగిలినదనియు, దేహము కొకప్రక్క గట్టితలము ఆనినదనియు గ్రహించినపిమ్మటనే కణములోపల ఒక మార్పు మొదలగును. ఆ మార్పునకు కీలకము సైక్లిక్ డై-జీఎంపీ యను చిన్న అణువు. రెండు జీటీపీ అణువులను జోడించి దీనిని కట్టు ఎంజైములు ఒక తెగ, దీనిని విఱుచు ఎంజైములు మఱియొక తెగ; కొన్ని బాక్టీరియములలో ఈ యెంజైములు పదులకొలది కలవు. ఆహారము, ఉప్పు, ప్రాణవాయువు, గోడస్పర్శ మున్నగు సమాచారముల నొక్కొక్క యెంజైము అందుకొని ఈ అణువును పెంచుటయో తగ్గించుటయో చేయుచుండును. పెరిగినచో తోక నిలిచిపోవును, జిగురు తయారగును. తగ్గినచో జిగురు ఆగి తోక మరల తిరుగును.

ఈ యణువు బయల్పడిన చరిత్ర ఖమ్మము రైతుకు వింతగా తోపదు. ఆ రైతు జామాయిలు, సుబాబులు పెంచి సారపాక కాగితపు కర్మాగారమునకు అమ్ముట అందలి సెల్యులోజుకొఱకే గదా! వినిగరు పులియుచోట బ్రదుకు ఒక బాక్టీరియమును చెట్టువలెనే సెల్యులోజును నేయును. అది ఆ పనిని దేని యాజ్ఞచే చేయుచున్నదని వెదకుచు, జెరూసలేమునందలి హీబ్రూ విశ్వవిద్యాలయములో మోషే బెంజిమాన్ బృందము 1987లో ఈ యణువును కనుగొన్నది. వెచ్చని గుజ్జునీరు పాఱు కాగితపు మిల్లులకు, అవి యే దేశమువైనను, ఈ జిగటపొర పెద్ద బెడద. యంత్రమునకు పట్టిన పొర ఊడి గుజ్జులో పడినచోట కాగితమునకు మచ్చయో చిల్లియో తప్పదు.

గోడకంటిన కణములు చక్కెరల గొలుసులను, మాంసకృత్తులను, చచ్చిన తోటికణములనుండి వెలువడిన డీఎన్ఏను కలిపి జిగురు కట్టి, అందు వృద్ధి పొందును. తమ సంఖ్య యెంత యైనదో వానికి తెలియు విధము మఱియు విచిత్రమైనది. ఒక్కొక్క కణము కొద్దికొద్దిగా ఒక రసాయనమును వెలుపలికి విడుచుచుండును. కణములు పలుచగా ఉన్నప్పుడు అది నీటిలో కలిసిపోవును, చిక్కబడినప్పుడు నిలువచేరును. ఏజెన్సీలో వారపుసంతకు నడచివచ్చువాడు చెట్లచాటుననుండియే వినవచ్చు కోలాహలమునుబట్టి జనమెంత కూడినదో చెప్పగలిగినట్లు, ఈ రసాయనపు చిక్కదనమునుబట్టి ప్రతికణమును గుంపు పరిమాణము నెఱుగును. సూడోమోనాస్ అను బాక్టీరియములో ఈ సంకేతము చేయు జన్యువును చెఱచినచో దాని పొర పలుచగా, బలహీనముగా ఉండెనని 1998లో వెల్లడియైనది.

కలరా క్రిమి తీరు దీనికి విపరీతము. అది కొలదిగా ఉన్నప్పుడు పొర కట్టును. నీటిలో కంటికి ఆనీయానని రొయ్యజాతి పురుగుల వీపున అంటుకొని జీవించును. పొరలో ఉన్నప్పుడు కడుపులోని ఆమ్లమునకును అంత సులభముగా లొంగదు. ప్రేగులలో చేరి సంఖ్య పెరుగగానే అదే సంకేతము పొరకట్టుటను నిలిపివేయగా, విడివడి రోగి దేహమునుండి వెలికి వచ్చి మరల నీటిలో కలియును. అది పురుగులను అంటియుండుటను ఆధారము చేసికొని రీటా కోల్వెల్ అను శాస్త్రజ్ఞురాలి బృందము బంగ్లాదేశ్ పల్లెలలో పాత నూలుచీరను పలుమడతలు పెట్టి నీరు వడకట్టించెను; కలరా దాదాపు సగము తగ్గినదని 2003లో ప్రకటించెను. మన అవ్వలు బిందెమూతికి గుడ్డ కట్టి నీరు పట్టుటను చాదస్తమని కొట్టివేసినవారు ఈ సంగతి తెలిసికొనవలెను.

ఆహారము తఱిగినప్పుడు గుంపునుండి కొన్ని కణములు లేచిపోవుటయు పరిపాలనలోని భాగమే. సైక్లిక్ డై-జీఎంపీ తగ్గును, జిగురును కరగించు ఎంజైములు వెలువడును, తోకలు మొలచును. లేచినవి క్రొత్తగోడను వెదకికొనును. మనకు ముప్పు ముఖ్యముగా ఇచ్చటనే: మందునకు చావక పొరలో మిగిలినవి ఇట్లు లేచి త్రాగునీటిలో కలియును. క్లోరిను పొరమీది జిగురుతో కలియుచు దారిలోనే వ్యయమైపోవును. పొరలోపల దాని సాంద్రత చుట్టునున్న నీటిలోనిదానిలో అయిదవవంతుకు మించుట అరుదని సన్నని సూదిమొన పరికరములతో కొలిచి చూచినారు. లీవెన్‌హాక్ వినిగరు చెప్పినది సరిగా ఇదే. వైద్యశాలలలో మూత్రపుగొట్టములకు, కృత్రిమ కీళ్లకు పట్టిన పొరలు మందులకు లొంగకపోవుటకు ఇది యొక కారణము. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పరిశోధకులు కంటిరోగముల బాక్టీరియములు ఇట్లే పొరలు కట్టుటను పరిశీలించి ప్రకటించియున్నారు.

అట్లని పొర యెల్లప్పుడును శత్రువు కాదు. ఇసుకరేణువులకు పట్టిన పొరయే నెమ్మదిగా ఇంకు నీటిలోని క్రిములను పట్టి తినివేయును. 1892లో హాంబుర్గు నగరము ఎల్బ్ నదీజలమును వడకట్టకయే త్రాగి కలరాతో ఎనిమిదివేలకు పైగా ప్రాణములను కోల్పోగా, దాని మురుగు కలిసిన నీటినే ఇసుకగుండా వడకట్టి త్రాగిన ప్రక్కనున్న ఆల్టోనా చాలవఱకు బ్రదికి బయటపడినది. వేసవిలో వాగుల యిసుకలో చెలమ త్రవ్వి నీరు తోడుకొను మన కోయపల్లెల ఆచారమునకును ఇసుకయే ఆధారము. కాని ఇసుకపొర పండుటకు వారములు పట్టును. అప్పుడే త్రవ్విన చెలమ బురదను ఆపును గాని క్రిములనన్నిటిని ఆపజాలదు. ఆ నీటిని కాచి త్రాగుటయే క్షేమము.

కావున వరదపల్లెలలోని గృహిణులకును, పంచాయతీ ట్యాంకులు కడుగువారికిని నా మనవి యొక్కటే. మందు వేయుటకు ముందు తోముడు. బిందెలో చేయిపెట్టి, చింతపండుతోనో బూడిదతోనో సబ్బుతోనో, పీచుతో అడుగును, మెడక్రింది వంపును గట్టిగా రుద్ది, వ్రేలు జారనంతవఱకు కడిగి ఎండలో బోర్లించుడు. ట్యాంకు నీరంతయు వదలి, గోడలను చీపురుకట్టతో రుద్దించి, ఆ కడుగునీటిని పాఱబోసి, అటుపిమ్మటనే బ్లీచింగు పౌడరు వేయింపుడు.