యవనుల మైసోలియా: మచిలీపట్టణమా? ఘంటసాలయా?

కృష్ణానది సముద్రమునఁ గలియు సీమను బ్రాచీన యవను లెఱిఁగియుండిరనుట నిర్వివాదాంశము. అయితే వారి గ్రంథములలోని ‘మసాలియా’, ‘మైసోలియా’ యను పేళ్లను జూచి, శబ్దసామ్యము చేత నవి మచిలీపట్టణమునకే చెల్లునని చెప్పుట పాఠశాలలలోఁ బరిపాటియైనది. ఈ మాట యెంతవఱకు నిలుచునో విచారింపఁదగియున్నది.

మొదటి సాక్ష్యము ‘పెరిప్లస్’ అను గ్రీకు గ్రంథము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునఁ బేరు తెలియని యొక వర్తకుఁడు ఎఱ్ఱసముద్రము మొదలుకొని భారతదేశపుఁ దూర్పుతీరము వఱకుఁ గల రేవులను, సరకులను ఇందు వర్ణించెను. ఇందు మసాలియా యనునది పట్టణము గాదు. తీరమునుండి లోనాటికి వ్యాపించిన దేశము. అచ్చట సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయఁబడునని గ్రంథకర్త తెలిపెను. దీనినిబట్టియే ‘మస్లిన్’ అను మాట మచిలీపట్టణము పేరినుండి పుట్టినదని కొందఱందురు గాని, యా మాటకు మూలము ఇరాకు దేశమందలి మోసుల్ నగరము.

రెండవ సాక్ష్యము అలెగ్జాండ్రియా నగరవాసియగు టాలెమీ రచించిన భూగోళగ్రంథము. ఇది రెండవ శతాబ్దము నాఁటిది. తూర్పుతీరమును దక్షిణమునుండి యుత్తరమునకు వర్ణించుచు నతఁడు మైసోలియాలో వరుసగా మైసోలొస్ నదీముఖములను, ‘కొంటకొస్సుల’ యను వర్తకపు రేవును, ‘కొద్దూర’ను, ‘అల్లోసిగ్నె’ యను మఱియొక వర్తకపు రేవును బేర్కొనెను. ఆ పిమ్మట సువర్ణభూమికిఁ బోవు నోడలు తీరము విడుచు స్థలము చెప్పఁబడినది. ఇందును మైసోలియా దేశము, మైసోలొస్ నది. రేవులకు వేఱు పేళ్లున్నవి.

ఇఁక నా రేవు లెవ్వి? ఇచ్చట శబ్దసామ్యముతోఁ బనిలేక శాసనములే పలుకుచున్నవి. మచిలీపట్టణమునకుఁ బడమరగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న ఘంటసాలలోని బౌద్ధస్తూపమును అలెగ్జాండర్ రే పరిశోధించి, 1894లో నా వృత్తాంతమును బ్రకటించెను. అచటఁ దొరకిన ప్రాకృత శాసనములలో నా యూరి పేరు ‘కంటకసోల’ యని యున్నది. శివకుఁడను నొక ‘మహానావికుని’ పేరును వానిలోఁ గలదు. అమరావతి శాసనమొకటియుఁ గంటకసోల వాసిని బేర్కొనుచున్నది. నాగార్జునకొండలో, ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున, బోధిశ్రీ యను నుపాసిక తన దానములను జెక్కించుచుఁ గంటకసేలయందలి మహాచైత్యమునకుఁ దూర్పువాకిట శిలామంటపము గట్టించితినని చెప్పుకొనినది. హాలెండు దేశీయుఁడగు వోగెల్ పండితుఁడు ఈ శాసనములను బ్రకటించి, కంటకసేలయే టాలెమీ చెప్పిన కొంటకొస్సుల యని నిరూపించెను. పేరు, బౌద్ధక్షేత్రము, నావికుఁడు, ఈ మూఁడును నొక్కచోటఁ గూడిన నిదర్శన మరుదు.

దీనిచేత నదిని గూర్చిన సందేహమును దీఱుచున్నది. మైసోలొస్ గోదావరియని వాదించినవారును గలరు. టాలెమీ వరుసలో నదీముఖములు దాఁటిన పిమ్మటఁ గొంటకొస్సుల వచ్చును. ఘంటసాల కృష్ణాముఖముల కుత్తరమున, గోదావరీముఖములకు మిక్కిలి నైరృతిగా నున్నది. మైసోలొస్ గోదావరియే యైనచో నా రేవు నదికి ముందే చెప్పఁబడవలెను. కావున నది కృష్ణయే యగుట యుక్తము.

నేఁడు ఘంటసాల సముద్రమునకు దూరముగా లోపలనున్నది గదా, రేవెట్లయ్యెనని యడుగవచ్చును. డెల్టాయందలి భూమి నది తెచ్చిన యొండ్రుతోఁ బెరిగినది. పూర్వపుఁ దీరరేఖల గుర్తులుగా నిసుకదిబ్బల వరుసలు లోనాట నిలిచియున్నవి. నదీపాయలు దారి మార్చుకొనుచు, మొగలు పూడుచు వచ్చినవి. పులిగడ్డకడఁ జీలిన కృష్ణాశాఖల నడుమ నేర్పడిన దివిసీమకు ద్వీపవాచకమగు ‘దివి’ యనునదియే పేరగుట యీ స్థితికిఁ దగియున్నది. ఆ రేవునకు వెనుక సంపన్నమైన నాడుండెననుటకు గుడివాడ, భట్టిప్రోలు, అమరావతులలోని స్తూపములును, రెండు తెరచాపకొయ్యల యోడ గుర్తుగల శాతవాహన నాణెములును దార్కాణములు.

మచిలీపట్టణపుఁ గీర్తి తరువాతి కాలమునది. గోలకొండ సుల్తానుల కది ముఖ్యమైన రేవు. పారసీక పదమగు ‘బందరు’ ఆ యూరికిఁ బేరగుట యందులకు సాక్షి. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అచట వర్తకమునకు దిగిరి. కలంకారీ యద్దకపు బట్టలు దేశాంతరములకుఁ బోయినవి. పెద్ద యోడలు మాత్రము తీరము లోఁతు చాలక దూరముననే లంగరు వేయవలసియుండెను. పెరిప్లస్ నాఁటి నూలుబట్టల వర్తకము పదునేడవ శతాబ్దమునను ఇదే సీమలో వర్ధిల్లుట గమనింపఁదగినది. పని నిలిచినది, రేవు మాఱినది.

అయిన మచిలీపట్టణమునకు టాలెమీ పట్టికలో నేమియు సంబంధము లేదా? ఆ పట్టణమునకు సమీపమందలి గూడూరే కొద్దూర యని పలువురు పండితుల యభిప్రాయము. ఇది సంభావ్యమే కాని, ఘంటసాలకువలె నూరి పేరును దెలుపు శాసనబలముతో నిలిచినది గాదు. ‘మచిలి’ శబ్దమును మత్స్యవాచకముగాఁ జెప్పుట యొక పక్షము, మైసోలియానుండి వచ్చినదనుట మఱియొక పక్షము. రెండవ పక్షము నిలువవలెనన్నఁ గంటకసోలవలె మధ్యకాలపు రూపములు చూపఁబడవలెను. చెవి కింపైన పోలిక ప్రమాణము గాఁజాలదు.

కాఁబట్టి విద్యార్థులచేఁ బటము వ్రాయించునపుడు మైసోలియా యను పేరు నొక చుక్కకుఁ గాక కృష్ణాతీరసీమ కంతకును, మైసోలొస్ అను పేరు నదికిని, కొంటకొస్సుల యను పేరు ఘంటసాలకును వ్రాయించుట న్యాయము. కొద్దూరను సందేహచిహ్నముతో గూడూరు చెంతఁ జేర్పవచ్చును. గోలకొండ సుల్తానుల కాలపు మహిమయే మచిలీపట్టణమునకుఁ జాలును. ఘంటసాల శిలలు చెప్పిన సాక్ష్యము ఘంటసాలకే దక్కవలెను.