కరెంటు లైను లేని పొలంలో సోలార్, గాలిమర, బ్యాటరీ – విద్యుత్ వాడకంలో మెళకువలు

కరెంటు లైను అందని పొలాలకు సోలార్ ప్యానెళ్లతో పాటు చిన్న గాలిమర పెట్టుకుంటే మేలు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మబ్బుల వల్ల ఎండ తగ్గినా, నైరుతి గాలులు బాగా వీచే చోట గాలిమర ఆదుకుంటుంది. అయితే ఈ ఏర్పాటులో ముందుగా పాడయ్యేది, మళ్లీ మళ్లీ ఖర్చు పెట్టించేది బ్యాటరీ. దాన్ని కాపాడుకునేలా కరెంటు వాడుకోవాలి.

బ్యాటరీలో ఎంత ఉంటుంది?

12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు నిల్వ ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా దెబ్బతింటుంది. కాబట్టి మన చేతిలో ఉన్నది 0.9 యూనిట్ మాత్రమే అనుకోవాలి.

రాత్రికి ఎంత కావాలి?

• 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 3, 5 గంటలు: 135 వాట్ అవర్లు
• 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను 8 గంటలు: 240 వాట్ అవర్లు
• సెల్‌ఫోన్లు 2: సుమారు 30 వాట్ అవర్లు

ఇన్వర్టర్‌లో పోయేది కలిపినా అర యూనిట్ సరిపోతుంది. అదే 75 వాట్ల పాత ఫ్యాను ఒక్కటే 600 వాట్ అవర్లు తీసుకుంటుంది.

మోటారును బ్యాటరీ మీద నడపవద్దు

1 హెచ్‌పీ మోటారు గంటకు దాదాపు 1 యూనిట్ తీసుకుంటుంది. అంటే గంట నడిపితే రాత్రి కరెంటు అయిపోయినట్లే. మోటారును సోలార్ పంపు కంట్రోలర్ ద్వారా నేరుగా ప్యానెళ్లతోనే, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 గంటల మధ్య నడిపి తొట్టి నింపుకోవాలి. కరెంటును నిల్వ చేయడం కంటే నీటిని నిల్వ చేయడం చౌక. స్ప్రేయర్ చార్జింగ్, చాఫ్ కట్టర్ పనులు కూడా ఎండ ఉండగానే ముగించాలి.

ముసురు పట్టినప్పుడు

ముందు చాఫ్ కట్టర్, తర్వాత టీవీ, ఆ తర్వాత ఫ్యాను ఆపాలి. లైట్లు, ఫోన్లకు చివరి వరకు కరెంటు మిగలాలి. వాడకం ఆపి కొంతసేపు ఆగాక చూస్తే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సుమారు 12.7, సగానికి వచ్చినప్పుడు 12.2 వోల్టులు చూపిస్తుంది. అంతకంటే తగ్గితే వాడకం ఆపాలి.

జాగ్రత్తలు

• బ్యాటరీ నిండితే ప్యానెళ్లను కంట్రోలర్ ఆపేస్తుంది. గాలిమర మాత్రం లోడు లేకుండా తిరిగితే వేగం పెరిగి పాడవుతుంది. మిగులు కరెంటును ఖర్చు చేసే డంప్ లోడ్ తప్పనిసరి.
• పాత, కొత్త బ్యాటరీలను కలిపి వాడవద్దు.
• నెలకోసారి నీటి మట్టం చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి.
• లిథియం బ్యాటరీకి మారితే చార్జ్ కంట్రోలర్ సెట్టింగు కూడా మార్పించాలి.