రాపిడి వేడి మొనల దగ్గరే

గరుకు తలాలు రెండు ఒరుసుకుంటే తలమంతా సమంగా వేడెక్కుతుందని అనుకుంటాం. నిజానికి అవి తలమంతా తాకనే తాకవు. నున్నగా మెరిసే ఉక్కు కూడా సూక్ష్మదర్శిని కింద ఎగుడుదిగుళ్లే. పై మొనలు కింది మొనల మీద ఆనుతాయి, బరువూ రాపిడీ వాటి మీదే పడతాయి. 1930లలో కేంబ్రిడ్జిలో ఎఫ్.పి. బౌడెన్ బృందం ఆ మొనల వేడిని చక్కటి ఉపాయంతో పట్టుకుంది. రెండు వేర్వేరు లోహాలు కలిసేచోట వేడెక్కితే కాస్త విద్యుత్తు పుడుతుంది. అందుకని జారుతున్న లోహాలనే థర్మామీటరు చేసుకున్నారు. వేగం పెంచేకొద్దీ వేడి పెరిగింది, కానీ ఆ రెండింటిలో ముందు కరిగే లోహం కరిగే స్థాయికి చేరి ఆగిపోయింది. నా దృష్టిలో అసలు సంగతి ఆ ఆగడమే. మొన కరిగాక ఒరుసుకోవడానికి గట్టిదేమీ ఉండదు, కాబట్టి రాపిడి తాను పుట్టించిన వేడితో తానే సన్నగిల్లుతుంది.

మరి అంత వేడి పుడితే చెయ్యి కాలాలి కదా? మొన ఎంతో చిన్నది, దాని వేడి క్షణంలో వెయ్యోవంతులోనే చుట్టూ ఉన్న లోహంలోకి ఇంకిపోతుంది. ఆపకుండా రాపిడి పెడితే మాత్రం పోగుపడుతుంది. మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాన్ని మొండి బరమాతో తొలిపించి, రెండున్నర గంటల్లో నీళ్లు మరిగించానని శాస్త్రవేత్త రమ్‌ఫర్డ్ 1798లో రాశాడు.

భూకంపంలో రాళ్లు ఒరుసుకునేటప్పుడూ ఇదే జరుగుతుందా? మామూలు రాళ్ల ఘర్షణ గుణకం, అంటే అదిమే బలంలో జారుడును అడ్డే బలం ఎంత వంతో చెప్పే అంకె, 0.6 నుంచి 0.85 దాకా ఉంటుంది. ఆ లెక్కన కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ భ్రంశం (రాళ్లు ఒరుసుకునే నేల పగులు) వెంట నేల వెచ్చగా ఉండాలి. 1969లో వెలువడిన కొలతల్లో ఆ జాడే లేదు. నీళ్లు వేడిని మోసుకుపోయి ఉంటాయన్న అభ్యంతరం వచ్చింది, తేలిగ్గా కొట్టిపారేసేదేమీ కాదు. భూకంపం వచ్చిన కొద్దికాలానికే భ్రంశంలోకి దిగి కొలిస్తే తప్ప సరైన జవాబు దొరకదు. 2011 మార్చి 11 భూకంపం తర్వాత జపాన్‌లో ఆ పనే చేశారు. సుమారు 6,900 మీటర్ల లోతున్న సముద్రంలో, అడుగుకు ఇంకో 820 మీటర్ల కింద ఉన్న భ్రంశం దాకా తవ్వి, 2012 జులై నుంచి తొమ్మిది నెలలు ఉష్ణోగ్రత నమోదు చేశారు. దాదాపు 50 మీటర్లు జారిన ఆ చోట అదనంగా కనిపించింది 0.31 డిగ్రీలే. దాన్నిబట్టి తేలిన ఘర్షణ గుణకం 0.08. ఘర్షణ ఇంత తగ్గడమంతా మొనల వేడి ఘనతేనని చెప్పలేం. అక్కడ జారుడు బంకమట్టి ఉంది, వేడికి ఉబ్బిన నీటి ఒత్తిడీ తోడై ఉండొచ్చు. కానీ మామూలు గట్టి రాళ్లనే ప్రయోగశాలలో సెకనుకు మీటరు వేగంతో జార్చినా గుణకం బాగా పడిపోతోంది. పాత భ్రంశాలు కొన్నింటిలో రాయి కరిగి గడ్డకట్టిన నల్లటి పొరలూ దొరుకుతున్నాయి.